సెన్సేయ్ ఇంటికి పరామర్శకి

మా ఇంట్లో నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ ఒకటి ఉండేది. పై గిన్నె మూత వంకరపోయి, చారు పోస్తే కుదుపుకొకసారి కారేది. ఆ చారు మరక నా తెల్ల చుడీదార్ మీద చాలాకాలం ఉండిపోయింది. 2011 మార్చి 13, ఆదివారం నాటి మరక అది. నేనూ అమ్మమ్మా చైతన్యపురి నుంచి బర్కత్‌పురాకి ఆటోలో వెళ్తున్నాం. క్యారియర్ నా ఒళ్ళో ఉంది. వెళ్తున్నది మా జపనీస్ టీచర్ ఇంటికి, పరామర్శకి.

కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి.

అప్పట్లో నాది మాదాపూర్‌లో టెస్టింగ్ ఉద్యోగం. క్లయింటు టోక్యోలో. జపనీస్ నేర్చుకుని పరీక్ష పాసైతే జీతంలో కొంత కలుపుతామన్నారు. నేర్చుకోవాలన్న జిజ్ఞాస ఏమీ లేదు, ఆ కొంత కోసమే హిమాయత్‌నగర్‌లో శని, ఆదివారాల క్లాసులో చేరాను. కింద టిఫిన్ సెంటరు, పైన మా గది. ఇప్పటికీ జపనీస్ అక్షరాలు చూస్తే నాకు సాంబారు వాసనే వస్తుంది. మేం పన్నెండు మందిమి. టీచర్‌ని అందరం సెన్సేయ్ అనేవాళ్ళం, వాళ్ళ భాషలో గురువుగారు అన్నట్టు. యాభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేవారు. భర్త ఉద్యోగం మీద హైదరాబాద్ వచ్చారట. ఆయన వెనక్కి వెళ్ళిపోయినా ఈవిడ ఉండిపోయారు. ఎందుకని మేం అడగలేదు, ఆవిడా చెప్పలేదు. తెలుగు కొద్దికొద్దిగా వచ్చు. కాకపోతే ల, ళ రెండూ ఆవిడ నోట్లో ర అయిపోయేవి. కూకట్‌పల్లి కాస్తా కూకట్‌పర్రి. కూరగాయల బండి దగ్గర 'అర్రం' అడిగితే ఆ బండబ్బాయికి అల్లమని అర్థం కావడానికి ఒక నెల పట్టిందని ఆవిడే చెప్పి నవ్వేవారు.

ఆ వారం ఊరంతా వేరే గొడవలో ఉంది. గురువారం, 10వ తేదీన మిలియన్ మార్చ్ జరిగింది. ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలు కొన్ని కూలాయి. శుక్రవారం పొద్దున ఆఫీసులో ఎవరి నోట విన్నా అదే మాట, అదీ రెండు వర్గాలుగా. నేను హెడ్‌సెట్ పెట్టుకుని టోక్యో కాల్‌లో ఉన్నాను. పదకొండుంపావు దాటింది. అక్కడ వాళ్ళకి మధ్యాహ్నం మూడు కావస్తోంది. అవతలాయన బగ్గుల జాబితా చదువుతూ చదువుతూ ఆగి, "జిషిన్ దెస్" అన్నారు. భూకంపం అని. గొంతులో కంగారు లేదు. జపాన్‌లో భూకంపమంటే మనకి కరెంటు పోయినట్టే కదా అని నేనూ ఊరుకున్నాను. వెనక ఏదో కిర్రుమంటున్న చప్పుడు. ఏవో కింద పడుతున్నాయి. నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి, ఆగదే! ఆయన ఊపిరి ఒక్కటే నాకు వినిపిస్తోంది. అప్పుడు "షిత్సురెయ్ షిమాస్" అన్నారు. ఫోన్ పెట్టేసే ముందు వాళ్ళు అనే మర్యాద మాట అది, క్షమించాలి, ఇక సెలవు అన్నట్టు. నెత్తిమీద పైకప్పు ఊగుతుంటే నాకు క్షమాపణ చెప్పి మరీ పెట్టేశారు.

మధ్యాహ్నం క్యాంటీన్ టీవీలో చూశాం. పొలాల మీదుగా నల్లటి నీళ్ళు పాకుతూ వస్తున్నాయి. దాని అంచున ఇళ్ళు, కార్లు, పడవలు, కొన్నింటికి మంటలు కూడా. అప్పటిదాకా విగ్రహాల గురించి గొంతు చించుకున్నవాళ్ళంతా చేతిలో ప్లేట్లతో నిలబడిపోయారు. తీవ్రత 8.8 అన్నారు, 8.9 అన్నారు, చివరికి 9.0 దగ్గర తేల్చారు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మమ్మ టీవీకి మూరెడు దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. మా అమ్మమ్మది దివిసీమ. నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెనలో ఇల్లూ, రెండు పాడి గేదెలూ, సొంత చెల్లెలూ పోయారు ఆవిడకి. మొత్తం మీద పది వేలమంది దాకా పోయారని పుస్తకాల్లో ఉంటుంది. ఆవిడ మాత్రం ఎప్పుడూ లెక్కలు చెప్పలేదు. అసలు ఆ రాత్రి సంగతే వరసగా చెప్పలేదు. తాటిచెట్టు చూస్తే ఒక ముక్క, వాన పడితే ఒక ముక్క.

"ఇది ఉప్పెనేగా" అంది.

కాదని పాఠం చెప్పబోయాను. ఉప్పెన తుఫాను గాలికి వస్తుంది, ఇది సముద్రం అడుగున భూమి కదిలితే వస్తుంది, సునామీ అంటే జపనీస్‌లో 'రేవు అల' అని సెన్సేయ్ దగ్గర నేర్చుకున్నదంతా.

"పేరు ఏదైతే ఏం? ఆ నీళ్ళ రంగు చూడు. మాకూ అంతే. సముద్రం నీలంగా ఉంటుందనుకుంటారు జనం" అంది.

మన తీరానికి ప్రమాదం లేదని టీవీ వాళ్ళు చెప్పారు. ఆ మాట తేల్చి చెప్పేవాళ్ళు మన ఊళ్ళోనే, ప్రగతినగర్ వైపు ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో ఉంటారని చెప్తే అమ్మమ్మ నమ్మలేదు. 2004 డిసెంబర్ 26 సునామీ దెబ్బ తిన్నాక, 2007 అక్టోబర్‌లో అక్కడ హెచ్చరిక కేంద్రం పెట్టారు. ఎక్కడ భూమి కదిలినా నిమిషాల్లో తెలుసుకుని, సముద్రం అడుగున పెట్టిన పరికరాల్లో నీటి ఒత్తిడి మారిందా లేదా చూసి చెప్తారు. "సముద్రమే లేని ఊళ్ళో కూర్చుని సముద్రానికి కాపలానా?" అని ఒక్క నిమిషం ఆలోచించి, "మంచిదేలే, వాళ్ళన్నా మునక్కుండా ఉంటారు" అంది.

శనివారం క్లాసు ఉండదనే అనుకున్నాం. అయినా అందరం ముందే వచ్చి మెట్ల మీద నిలబడ్డాం. కింద టిఫిన్ సెంటర్లో టీవీ చుట్టూ జనం. వరల్డ్ కప్, నాగపూర్‌లో మనకీ దక్షిణాఫ్రికాకీ మ్యాచ్. సరిగ్గా నాలుగూ ఇరవై అయిదుకి, ఎప్పటిలాగే, సెన్సేయ్ మెట్లెక్కి వచ్చారు. తాళం తీశారు. హాజరు వేశారు. పుస్తకం తెరిచి పేజీ నంబరు చెప్పారు. మేమెవరం తెరవలేదు.

మాలో వరంగల్ అబ్బాయి ఒకడుండేవాడు. క్లాసులో అందరికన్నా మొద్దు, అందరికన్నా ధైర్యం. వాడు లేచి, "సెన్సేయ్, ఇలాంటప్పుడు జపనీస్‌లో ఏమంటారు?" అని అడిగాడు. గదిలో అందరికీ ఊపిరాగినంత పనైంది. ఆవిడ ఒక క్షణం వాడి వంక చూసి, సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగారు.

ఒమిమాయ్ మోషియగెమాస్.

ఒమిమాయ్ అంటే ఆస్పత్రిలో ఉన్నవాళ్ళని చూసి రావడం అని మాకు అంతకుముందే తెలుసు. జబ్బుకే కాదు, అగ్నిప్రమాదమైనా, వరదైనా, భూకంపమైనా ఇదే మాట అన్నారు సెన్సేయ్. మన పరామర్శ లాంటిదే. చనిపోయిన ఇంట్లో అనే మాట వేరే ఉందట. "అది ఇవాళ వద్దు" అని అక్కడితో ఆపేశారు. తర్వాత బోర్డు మూలన ఇంకో మూడు మాటలు రాశారు. కసనెగసనె, తబితబి, మతమత. అంటే పదేపదే, తరచూ, మళ్ళీమళ్ళీ. రాసి, మూడింటి మీదా అడ్డంగా గీత కొట్టారు. కష్టంలో ఉన్నవాళ్ళతో ఈ మాటలు అనకూడదు, ఉత్తరంలోనూ రాయకూడదు, అంటే ఆ కష్టం మళ్ళీ వస్తుందని అర్థం వస్తుంది అన్నారు.

మేం పన్నెండు మందిమీ లేచి నిలబడి, ఆవిడ నేర్పిన మాట ఆవిడకే చెప్పాం. "మొషి కాదు, మోషి. దీర్ఘం తీయాలి" అన్నారు. మళ్ళీ చెప్పాం. ఈసారి దీర్ఘం సరిపోయింది. ఆవిడ నడుము వంచి చాలాసేపు అలాగే ఉన్నారు. అదే సమయానికి కింద ఈలలు, చప్పట్లు, బల్లలు బాదుతున్న చప్పుడు. సచిన్ సెంచరీ కొట్టాడు. ఆ మ్యాచ్ ఓడిపోయాం. ఇప్పుడు ఎక్కడైనా ఆ మ్యాచ్ ముచ్చట వస్తే నాకు బోర్డు మూలన గీత కొట్టిన ఆ మూడు మాటలే కనపడతాయి.

క్లాసయ్యాక చెప్పారు అసలు సంగతి. వాళ్ళక్క ఉండేది మియాగిలోని ఇషినొమాకి అనే రేవు పట్నంలో. శుక్రవారం నుంచి ఫోన్ కలవడం లేదు. ఇలాంటప్పుడు ఇంటి నంబరు కొట్టి మాట రికార్డు చేసి పెట్టడానికి, పెట్టింది వినడానికి జపాన్‌లో 171 అని ఒక నంబరు ఉంది. అక్క ఇంటి నంబరు మీద కూడా ఏ మాటా లేదని టోక్యోలో ఉన్న మేనకోడలు చెప్పిందట.

ఏదో ఒకటి చేయాలని మాకు ఆరాటం. డబ్బులు పోగు చేద్దామన్నారు కొందరు, పాత బట్టలు అన్నారు ఇంకొందరు. బట్టల మాట ఇంట్లో చెప్తే అమ్మమ్మ నవ్వింది. ఉప్పెన తర్వాత ఎక్కడెక్కడి నుంచో లారీల్లో బట్టల మూటలు వచ్చాయట. వీళ్ళ వంతుకి వచ్చిన మూట విప్పితే నిండా ఊలు స్వెట్టర్లు, ఒక కోటు. నాగాయలంకలో, ఉప్పునీళ్ళలో నానిన ఒంటి మీద, ఊలు స్వెట్టరు! "కోటు మీ తాతయ్య వేసుకున్నాడు. ఇంకేం లేదుగా మరి. కలెక్టరుగారు వచ్చారనుకుని ఎవరో దణ్ణం కూడా పెట్టారు." అంతలో టీవీలో జపాన్‌లో మంచు పడుతుండడం చూపించారు. శిబిరాల్లో జనం పత్రికలు, అట్టలు కప్పుకుని పడుకుంటున్నారు. అమ్మమ్మ నవ్వాపేసి, "మాకొచ్చిన స్వెట్టర్లు వీళ్ళకి పోవాల్సింది" అంది.

ఆ తర్వాత, "మీ టీచరు ఇంట్లో పొయ్యి వెలిగించిందో లేదో! రేపు వెళ్దాం" అంది. ఎవరూ పోయారని తెలియలేదు కదా, ఇప్పుడే పరామర్శేంటి, అశుభం అన్నాను. "ఊరు పోయింది కదే. ఊరు పోతే వెళ్ళరా?" అంది.

అలా ముద్దపప్పు, చారు, పెరుగన్నం, వంకాయ కూరతో బయలుదేరాం. రెండో అంతస్తు. తలుపు తీసిన సెన్సేయ్‌ని చూసి అమ్మమ్మ పలకరించలేదు, పేరు అడగలేదు. నేరుగా వంటింట్లోకి తొంగిచూసి నా వంక తిరిగి కళ్ళతోనే 'చూశావా' అంది. పొయ్యి తుడిచిపెట్టినట్టు ఉంది. నీళ్ళు కాచుకునే కెటిల్ ఒక్కటే బయట. హాల్లో జపాన్ ఛానెల్ ఏదో మాట లేకుండా బొమ్మ మాత్రం ఆడుతోంది. అమ్మమ్మ సెన్సేయ్ పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అంతే. నేను మధ్యలో అనువాదం చేయాలని రెండు మూడు వాక్యాలు తయారు చేసుకుని వచ్చాను. అవి అడిగినవాళ్ళే లేరు. గోడ గడియారం చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. తన ఉప్పెన సంగతి చెప్తుందనుకున్నాను, ఓదార్పుగా. ఎత్తనేలేదు. తర్వాత ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఆవిడ కష్టం దగ్గరికి వెళ్ళి నా కష్టం చెప్పుకోనా?" అని కసిరింది.

కాసేపటికి లేచి కంచం కడిగి అన్నం పెట్టింది. సెన్సేయ్ చెంచా వెతుక్కోలేదు. చేత్తో కలుపుకుని, ముద్ద సరిగ్గా చేయడం రాక వేళ్ళ సందుల్లోంచి పప్పు కారుతుంటే, మొత్తం తిన్నారు. అమ్మమ్మ అడక్కుండానే మారు వడ్డించింది.

బయలుదేరేటప్పుడు గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ "వెళ్ళొస్తాం సెన్సేయ్" అనేశాను. అమ్మమ్మ నడుము మీద గట్టిగా గిల్లింది. నేను "అబ్బా" అనడం సెన్సేయ్ చూశారు. ఏమైందని అడిగారు. చెప్పక తప్పలేదు. పరామర్శకి వెళ్ళిన ఇంట్లో వెళ్ళొస్తాం అనకూడదు, అంటే ఇలాంటి పని మీద మళ్ళీ వస్తామని అర్థం వస్తుంది, మాట్లాడకుండా లేచి వెళ్ళిపోవాలి అని. సెన్సేయ్ నా వంకా, అమ్మమ్మ వంకా చూసి, గాలిలో వేలితో అడ్డంగా ఒక గీత కొట్టారు. బోర్డు మీద కొట్టినట్టే. ఆ మూడు రోజుల్లో ఆవిడ మొహం మీద నవ్వులాంటిది చూడడం అదే మొదలు.

సోమవారం నుంచి మాకో పని దొరికింది. అక్కడ శిబిరాల గోడల మీద, ఇక్కడ ఫలానావాళ్ళు ఉన్నారని చేత్తో రాసిన పేర్ల జాబితాలు అంటిస్తున్నారు. ఎవరెవరో వాటిని ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. వేల పేర్లు. సెన్సేయ్ ఒక్కరివల్ల అయ్యేది కాదు. మాకేమో అప్పటికి వంద అక్షరాలు కూడా రావు. "చదవక్కర్లేదు, ఇవి కనపడితే చాలు" అని అక్క పేరులోని మూడు అక్షరాలు తెల్లకాగితం మీద పెద్దగా రాసిచ్చారు. అందులో ఒకటి మాకు వచ్చిందే. ఇంటికప్పు కింద ఆడమనిషి కూర్చున్నట్టుండే అక్షరం. దానర్థం నిమ్మళం, క్షేమం అని క్లాసులో చెప్పించుకున్నదే. ఆ కాగితం జిరాక్సులు తీసుకుని పన్నెండు మందిమీ పంచుకున్నాం. లంచ్ టైములో, రాత్రిళ్ళు, ఫోటో పెద్దది చేసి పై నుంచి కిందికి ఒక్కో పేరూ చూడడమే. తడి కాగితాలు, వణికిన చేతిరాతలు, కొట్టివేతలు. కొన్ని పేర్ల పక్కన వయసు ఉండేది. ఎనభై రెండు. ఏడు. అరవై నాలుగు. నాలుగు. నేను వెతుకుతున్నది ఒక పేరు కోసం కాబట్టి మిగతావి ఆ అంకెలతో పాటే దాటిపోతూ ఉండేవి. కళ్ళు మూసుకుంటే గీతలు తేలేవి.

బుధవారం రాత్రి వరంగల్ అబ్బాయి ఫోన్ చేశాడు. మూడక్షరాలూ ఉన్నాయి, అదే వరసలో! మొద్దు అన్నవాడికే దొరికింది. పరుగున సెన్సేయ్‌కి చూపించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, పక్కనున్న అంకె మీద వేలు పెట్టారు. ముప్ఫై ఒకటి. వాళ్ళక్కకి అరవై. ఆ పేరుతో వేరే ఎవరో అమ్మాయి. వాడు బాల్కనీలోకి వెళ్ళి ఏడ్చాడట. సెన్సేయ్ వెనకాలే వెళ్ళి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, "చాలా బాగా చదివావు" అన్నారట.

శనివారం, 19న, సెన్సేయ్ మొట్టమొదటిసారి క్లాసుకి అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. అక్క బతికే ఉంది. ఊరి మధ్యలో హియోరియామా అని ఒక గుట్ట ఉంది, జనం దాని మీదికి ఎక్కారు, అక్కా ఎక్కింది. బావగారు కారు తీసుకొస్తానని వెనక్కి వెళ్ళారు. మియాగికి మొదటి హెచ్చరికలో అల 6 మీటర్లు అని చెప్పారట. అరగంట లోపే 10 మీటర్లకి పెంచారు. కానీ అప్పటికే కరెంటు పోయి ఆ రెండో మాట చాలామందికి చేరలేదు. బావగారు ఏది విన్నారో, ఏదీ వినలేదో తెలియదు. ఆ దేశం మొత్తం మీద దాదాపు 15,900 మంది పోతే, ఒక్క ఇషినొమాకిలోనే 3 వేలకు పైగా. దేశం మొత్తం మీద మరో 2,500 మంది ఆచూకీ నేటికీ లేదు. రెండేళ్ళకి అక్కడ పద్ధతి మార్చి, మరీ పెద్ద భూకంపమైతే మొదటి హెచ్చరికలో మీటర్ల లెక్క చెప్పకుండా 'మహా పెద్ద అల' అనే చెప్పాలని పెట్టారు. ఈ ముక్క చదివినప్పుడు అమ్మమ్మకి చెప్పాను. "అంకె చెప్తే మనిషి బేరం మొదలుపెడతాడు మరి" అంది.

ఆ రోజు బోర్డు మీద ఏమీ రాయలేదు సెన్సేయ్. 'అది ఇవాళ వద్దు' అన్న ఆ మాట మేం పుస్తకంలో వెతుక్కుని నేర్చుకునే వచ్చాం, అయినా ఎవరి నోరూ పెగల్లేదు. లేచి నిలబడి, ఆవిడలాగే నడుము వంచాం.

మేం పోగు చేసిన డబ్బు పెద్ద మొత్తమేం కాదు, అది పంపడానికి పడిన పాట్లు రాస్తే విసుగు. మన ప్రభుత్వం 25,000 దుప్పట్లు పంపిందని పేపర్లో చూసి అమ్మమ్మ, ఎవరో తెలిసినవాళ్ళే ఉన్నారు అని మెచ్చుకుంది. మన విపత్తు దళం నుంచి 46 మంది ఒనగావా వెళ్ళారు, అది ఇషినొమాకి పక్క ఊరే. ఆ దళం దేశం దాటి వెళ్ళడం అదే మొదటిసారి. ఇంకో సంగతి చాలా తర్వాత తెలిసింది. ఇషినొమాకిలో హిబి షింబున్ అని చిన్న పత్రిక ఉంది. అచ్చు యంత్రాలు మునిగిపోతే వాళ్ళు పెద్ద పెద్ద కాగితాల మీద మార్కర్ పెన్నులతో వార్తలు రాసి ఆరు రోజుల పాటు శిబిరాల్లో అంటించారు. మేం వెతికిన ఆ ఫోటోల్లో పేర్ల జాబితాల పక్కన ఎక్కడైనా అవీ ఉన్నాయేమో, మాకు చదవడం వస్తేగా.

ఉగాది వెళ్ళిన వారానికి సెన్సేయ్ అక్క దగ్గరికి బయలుదేరారు. ఎన్నాళ్ళకో చెప్పలేదు. ముందురోజు సాయంత్రం మా ఇంటికి వచ్చారు, క్యారియర్ తిరిగివ్వడానికి. తళతళా తోమి ఉంది. ఎవరి దగ్గర కొట్టించారో, పై గిన్నె మూత వంకర తీయించారు. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని ఎవరు చెప్పారో, అందులో నాలుగు బెల్లం ముక్కలు వేశారు. అమ్మమ్మ మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసుకుంది.

కాఫీ తాగాక సెన్సేయ్ లేచి గుమ్మం దాకా వెళ్ళారు. మాట్లాడకుండా తల వంచి చెప్పులు వేసుకుంటున్నారు. నేర్చుకున్న పాఠం తు.చ. తప్పకుండా పాటిస్తున్నారన్నమాట. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇక్కడ అనాలమ్మా. ఇక్కడ వెళ్ళొస్తానని చెప్పే వెళ్ళాలి."

నేను జపనీస్‌లో చెప్పబోతే అక్కర్లేదన్నట్టు చెయ్యి చూపించారు. ఒకసారి గుటక మింగి, ఒక్కో అక్షరం తూచినట్టు పలికారు.

"వెర్రొస్తాను."

నేను పెదవి కొరుక్కున్నాను. అమ్మమ్మ వల్ల కాలేదు, గడప మీద చతికిలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తప్పు పలికానని అర్థమై సెన్సేయ్ మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తున్నారు, మళ్ళీ మళ్ళీ అదే వస్తోంది.

"ఏదొచ్చినా పర్లేదు తల్లీ, రా" అంది అమ్మమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.